ఎవరూ పడుకోని చోటు వెతక్కండి

అడవిలో టెంట్ వేసుకోవడానికి చోటు వెతికేవాళ్లలో చాలామందికి మనసులో ఒక బొమ్మ ఉంటుంది. మెత్తటి పచ్చటి నేల, పక్కనే నీళ్లు, చుట్టూ మనిషి జాడ లేకపోవడం, ఇంతకుముందు ఇక్కడ ఎవరూ పడుకోలేదన్న నమ్మకం. బోర్డులు, నంబర్లు, గేట్లు ఉన్న క్యాంప్‌గ్రౌండ్ వదిలేసి బరువైన బ్యాగుతో లోపలికి నడిచేది ఆ బొమ్మ కోసమే. అందులో మొదటి మూడింటితో నాకు చిన్న చిన్న పేచీలున్నాయి. నాలుగోదాన్ని మాత్రం పూర్తిగా వదిలేయాలంటాను. జనం వచ్చిపోయే అడవుల్లో ఎవరూ పడుకోని చోటు వెతకడం మానేసి, అప్పటికే నలిగిన చోటే ఎంచుకోవాలి. అడవికి అదే మంచిది. కాస్త చూసి ఎంచుకుంటే మన నిద్రకూ అదే మంచిది.

ఇదంతా టెంట్ వేసుకునే అనుమతి ఉన్న అడవుల సంగతి. ఆ అనుమతి ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. నార్వేలో 1957 నాటి చట్టం ప్రకారం సాగులో లేని నేల మీద ఎవరైనా టెంట్ వేసుకోవచ్చు, కాకపోతే జనం ఉండే ఇంటికి 150 మీటర్ల దూరం పాటించాలి, మామూలుగా ఒకేచోట రెండు రోజులకు మించి ఉండకూడదు. స్కాట్లాండ్ 2003లో చేసిన భూసంస్కరణల చట్టం కూడా బాధ్యతగా మెలిగేవాళ్లకు ఇలాంటి హక్కే ఇచ్చింది. అమెరికా జాతీయ అడవుల్లో క్యాంప్‌గ్రౌండ్ల బయట కూడా ఉండనిస్తారు, చాలాచోట్ల 14 రోజుల పరిమితితో. ఇలాంటి చోట్ల గీత గీసి ఇక్కడే వేసుకోమని చెప్పేవాళ్లుండరు. ఎంచుకునే పనంతా సాయంత్రం అలసిపోయి వచ్చిన మనిషి మీదే పడుతుంది.

ఆ మనిషి ఏం చూస్తాడు? 1990లో బ్రన్సన్, షెల్బీ అనే ఇద్దరు పరిశోధకులు దీని మీద పనిచేసి, క్యాంపర్లు కోరుకునేవాటిని మూడు మెట్లుగా విడదీశారు. మొదటి మెట్టు అవసరాలది: నడుం వాల్చడానికి కాస్త చదును నేల లాంటివి. రెండోది అనుభవానిది: పక్కవాళ్ల చూపు, మాట మన దాకా రాకపోవడం లాంటివి. మూడోది ఉంటే బాగుండు అనిపించేవాటిది. మొదటి మెట్టు దాటని చోటును ఎవరూ లెక్కలోకే తీసుకోరు. దాటినవాటిలో ఏది మేలు అని చూసేటప్పుడే మిగతావి గుర్తొస్తాయి. నేను చూసినంతలో పొద్దు వాలేకొద్దీ ఈ క్రమం ఇంకా గట్టిపడుతుంది. మధ్యాహ్నం మూడింటికి వ్యూ గురించి, సూర్యోదయం గురించి మాట్లాడుకునే గుంపే ఆరున్నరకు "చదునుగా ఉందా? ఉంటే వేసేద్దాం" అంటుంది. అందుకే చీకటికి కనీసం రెండు గంటల ముందు నడక ఆపాలని నేను పట్టుబడతాను. చోటు మంచిదో కాదో తెలియాలంటే వెలుతురు కావాలి.

చదును దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెడతారు, అక్కడే ఆగిపోతారు కూడా. చుట్టూ కొండలు, వాలు, బండలు ఉన్న చోట ఒక్క ముక్క మాత్రం బల్లపరుపుగా ఎందుకుంది? ఈ ప్రశ్న వేసుకోకుండా టెంట్ విప్పకూడదు. కొండ అడవుల్లో చదునును చాలాసార్లు నీళ్లే తయారుచేస్తాయి. వాగు పొంగినప్పుడల్లా ఇసుక, ఒండ్రు తెచ్చి పరిచి వెళ్తుంది. నిటారు లోయ బయటపడే దగ్గర విసనకర్ర ఆకారంలో రాళ్లూ మట్టీ పోగుపడి అందమైన మైదానం ఏర్పడుతుంది. నీళ్లు కట్టిన నేల మీదికి నీళ్లు మళ్లీ రావని ఎవరూ చెప్పలేరు. స్పెయిన్‌లోని బియెస్కాస్ దగ్గర 1996 ఆగస్టు 7న సరిగ్గా అలాంటి నేల మీద ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌ను వరద ఊడ్చేసి 87 మంది ప్రాణాలు తీసింది. 2010 జూన్ 11 తెల్లవారుజామున అమెరికాలోని ఆర్కన్సాస్ రాష్ట్రంలో నది ఒడ్డునున్న ఆల్బర్ట్ పైక్ అనే క్యాంపింగ్ ప్రాంతంలో కొన్ని గంటల్లోనే నీటిమట్టం దాదాపు 20 అడుగులు పెరిగింది, 20 మంది చనిపోయారు. ఈ రెండూ అధికారికంగా నడిచే క్యాంప్‌గ్రౌండ్లే. అన్నీ చూసి పెట్టామనుకున్న చోట్లలోనే ఇలా జరిగితే, ఎవరూ చూసిపెట్టని చోటు దగ్గర ఆ చూసే పని మనమే చేసుకోవాలి.

చూడటం కష్టమేమీ కాదు. పొదల మొదళ్లలో, కొమ్మల చీలికల్లో ఎండుపుల్లలు, ఆకులు ముద్దగా ఇరుక్కుని ఉన్నాయా? అవన్నీ ఒకే ఎత్తులో, ఒకే వైపు ఒత్తుకుని ఉంటే అది వరద గీసిన గీత. చెట్ల మొదళ్లకు మోకాలెత్తున సన్నటి బూడిదరంగు మట్టి పూత ఉండొచ్చు. గడ్డంతా ఒకే దిక్కుకు దువ్వినట్టు పడుకుని ఉండొచ్చు. ఆకులు కొంచెం పక్కకు జరిపితే కింద నల్లమట్టి బదులు కడిగిన ఇసుకో గుండ్రటి గులకరాళ్లో తగలొచ్చు. వీటిలో ఒక్కటి కనబడినా నేను బ్యాగు దించను. ఆకాశం నిర్మలంగా ఉందనడం జవాబు కాదు. వాన పైన ఎక్కడో, మనకు కనబడని కొండ మీద కురిస్తే చాలు.

ఇక తల పైకెత్తి చూడాలి. ఇది చెప్పినంతగా ఎవరూ చేయరు. టెంట్ వేసేవాళ్ల చూపంతా నేల మీదే ఉంటుంది, రాయి ఉందా, వేరు ఉందా, చీమలున్నాయా అని. ఆకులు రాలిపోయిన కొమ్మ, సగం విరిగి పక్క కొమ్మ మీద ఆనుకుని ఉన్నది, బెరడు ఊడి తెల్లగా మెరుస్తున్న మొద్దు, కాండానికి పలకలుగా పట్టిన పుట్టగొడుగులు (లోపల కుళ్లుకు గుర్తు), ఒక పక్కకు ఒరిగి వేళ్ల దగ్గర మట్టి తాజాగా పగిలిన చెట్టు, ఇవన్నీ అర్ధరాత్రి గాలికి మన మీద పడగలవు. అలాంటి చెట్టు ఎంత ఎత్తుందో కనీసం అంతకంటే ఎక్కువ దూరంలో ఉండాలి. ఆస్ట్రేలియాలో నదుల పక్కన పెరిగే రెడ్ గమ్ చెట్లయితే గాలి లేకపోయినా ఉన్నట్టుండి పెద్ద కొమ్మలు రాల్చేస్తాయి, వాటికింద టెంట్ వేయొద్దని అక్కడివాళ్లు గట్టిగా చెబుతారు. పెనుగాలి వస్తే ఆరోగ్యంగా ఉన్న చెట్లు కూడా ఆగవనుకోండి. 1999 జులై 4న అమెరికాలోని మిన్నెసోటాలో ఉన్న బౌండరీ వాటర్స్ అడవిలో గాలివానకు కోట్ల చెట్లు నేలకొరిగాయి, చాలామంది క్యాంపర్లు గాయపడ్డారు. అంతటిదాన్ని ఎవరూ ముందే కనిపెట్టలేరు. ఎండుకొమ్మ మాత్రం కళ్లముందు కనబడుతూనే ఉంటుంది.

చలి, మంచు, దోమల గురించి క్లుప్తంగా చెప్తాను. రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లానికి దిగుతుంది. లోయ అడుగున వణికే మనిషి కాస్త గట్టెక్కి పడుకుంటే అదే స్లీపింగ్ బ్యాగ్‌లో హాయిగా ఉంటాడు. ఆకాశం కింద బయలులో వేసిన టెంట్ తెల్లారేసరికి లోపలా బయటా తడిసిపోతుంది, చెట్ల గొడుగు కింద వేసింది అంతగా తడవదు, ఎందుకంటే ఆ ఆకులు నేలలోని వేడిని అంత తేలిగ్గా పైకి పోనివ్వవు. దోమలు బలహీనంగా ఎగిరేవి కాబట్టి కాస్త గాలాడే చోటు వాటికి పడదు. ఉరుములు మెరుపుల కాలంలో శిఖరం మీదా వద్దు, ఒంటరిగా నిలబడ్డ ఎత్తైన చెట్టు కిందా వద్దు, ఇంచుమించు ఒకే ఎత్తున్న చెట్ల మధ్య ఉండటం మేలు. టెంట్ గుడ్డ పిడుగు నుంచి కాపాడదు.

నీళ్ల దగ్గర పేచీ వేరు. నీళ్లు దగ్గరగా ఉండాలని అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. ఎంత దగ్గర అన్నదే గొడవ. అమెరికాలో పుట్టి చాలా దేశాలకు పాకిన లీవ్ నో ట్రేస్ (జాడ మిగల్చొద్దు) నియమాలు నీటి అంచు నుంచి 200 అడుగులు, అంటే దాదాపు 60 మీటర్లు వెనక్కి ఉండమంటాయి. గిన్నెలు కడిగిన నీళ్లు, సబ్బు, ఉచ్చ అన్నీ నేరుగా వాగులో కలవకూడదన్నది ఒక కారణం. ఒడ్డు నేల మెత్తన, ఊరికే కోసుకుపోతుంది. పైగా అడవిలో మనకు తప్ప ఇంకెవరికీ సీసా లేదు. జంతువులు తాగడానికి రావాల్సింది ఆ ఒడ్డుకే, తరచుగా రాత్రిపూటే. మనం అక్కడ మంట వేసి కూర్చుంటే అవి దాహంతో వెనక్కి పోతాయి. సెలయేటి చప్పుడు వింటూ నిద్రపోవాలనే కోరిక నాకూ ఉంది. అరవై మీటర్ల దూరం నుంచి కూడా అది వినబడుతుంది. పైగా ఆ హోరు పక్కనే పడుకుంటే మిగతా అడవి ఏదీ వినబడదు, కొమ్మ విరిగినా, జంతువు నడిచినా.

రోడ్డు, నీళ్లు, చదును, ఈ మూడూ ఒకేచోట కుదిరితే ఏమవుతుందో స్కాట్లాండ్‌లోని లాక్ లోమండ్ సరస్సు చూపించింది. ఒడ్డంతా టెంట్లతో, చెత్తతో, నరికిన చెట్లతో నిండిపోయి, చివరికి 2011లో తూర్పు ఒడ్డునా, 2017 మార్చి నుంచి ఆ సరస్సున్న జాతీయ పార్కులోని మరికొన్ని ఒడ్డుల్లోనూ ఏడాదిలో కొన్ని నెలలపాటు అనుమతి లేకుండా టెంట్ వేయడాన్ని నిషేధించారు. హక్కును అంత ఉదారంగా ఇచ్చిన దేశమే ఆ కొద్దిచోట్ల దాన్ని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. అక్కడికి వచ్చినవాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. అందరూ ఒకే మూడింటిని వెతికారు, అవి ఒకే అంచు మీద దొరికాయి.

ఇప్పుడు అసలు విషయం. మనం అడవిలోకి వెళ్లేది ఏకాంతం కోసం. మిగతావన్నీ కుదిరాక చోటును నిర్ణయించేది అదే. ఏకాంతం కావాలనుకోవడంలో తప్పేమీ లేదు, నేనూ దానికోసమే వెళ్తాను. చిక్కెక్కడంటే, ఏకాంతాన్నీ కొత్తదనాన్నీ మనం కలిపేసుకుంటున్నాం. ఇప్పుడు ఎవరూ లేకపోవడం వేరు, ఎప్పుడూ ఎవరూ లేకపోవడం వేరు. మొదటిది ఉంటే నిద్ర బాగా పడుతుంది. రెండోదానితో మన నిద్రకు సంబంధమే లేదు, కానీ దానికోసం బాట వదిలి కొత్తగా ఒక పచ్చటి ముక్క మీద కాలు పెడతాం. ఇంకో విచిత్రం కూడా ఉంది. నలిగిన చోట జనాన్ని నిజంగా చిరాకు పెట్టేది నేల కాదని పరిశోధకులు చాలాసార్లు గమనించారు. ప్లాస్టిక్ కవర్లు, చెట్ల మీద చెక్కిన పేర్లు వెంటనే కళ్లలో పడతాయి. గడ్డి లేని మట్టిని మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు. అంటే వాడిన చోటు శుభ్రంగా ఉంటే దానితో మనకు నిజానికి ఇబ్బందేమీ లేదు.

పచ్చటి ముక్క సంగతి చూద్దాం. 1979లో డేవిడ్ కోల్ అనే పరిశోధకుడు ఒరెగాన్ రాష్ట్రంలోని ఈగిల్ క్యాప్ అరణ్యంలో సరస్సుల చుట్టూ ఉన్న క్యాంపింగ్ చోట్లను కొలిచాడు. కొన్ని బాగా వాడేవి, కొన్ని ఏడాదికి ఏ కొద్ది రాత్రులో వాడేవి. వాడకం తక్కువైతే నష్టమూ ఆ మేరకు తక్కువ ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ కొద్ది రాత్రులు వాడిన చోట కూడా నేల మీది మొక్కల్లో చాలా భాగం పోయింది. అక్కణ్నుంచి వాడకం ఎన్ని రెట్లు పెరిగినా నష్టం అన్ని రెట్లు పెరగలేదు. తర్వాత అతను, క్రిస్టఫర్ మాంజ్ కలిసి వయోమింగ్‌లోని విండ్ రివర్ పర్వతాల్లో అంతకుముందు వాడని నేల మీద కావాలనే టెంట్లు వేయించి చూశారు. చెట్ల కింద ఒక్క రాత్రి పడుకున్నా కనబడేంత గుర్తు మిగిలింది. బయలు గడ్డి నేలలు అంతకంటే బాగా తట్టుకున్నాయి. తెల్లచొక్కా మీద పడే మొదటి మరకకూ పదో మరకకూ తేడా ఎంతో, అడవి నేల మీద మొదటి రాత్రికీ వందో రాత్రికీ తేడా అంత. వందో రాత్రి పడుకునేవాడు కొత్తగా పాడుచేసేది చాలా తక్కువ. మొదటి రాత్రి పడుకునేవాడే చాలా మటుకు పాడుచేసి వెళ్తాడు.

కారణం మొక్కల ఒంట్లోనే ఉంది. దట్టమైన నీడలో బతికే మొక్కలు దొరికిన కాస్త వెలుతురును పట్టుకోవడానికి ఆకుల్ని వెడల్పుగా, పల్చగా పరుస్తాయి. కాండం మెత్తన. కాలి కింద అవి నలగవు, చిట్లుతాయి. ఎండలో పెరిగే గడ్డికి ఎదిగే మొన నేలకు ఆనుకుని ఉంటుంది, ఆకు పీచుగా ఉంటుంది, తొక్కినా మళ్లీ లేస్తుంది. అంటే మన కంటికి మెత్తగా, పచ్చగా, రమ్మని పిలిచినట్టు కనబడే నేలే అన్నిటికంటే అర్భకమైనది. మట్టి కథ ఇంకా నెమ్మదిగా నడుస్తుంది. ఆరోగ్యమైన అడవి మట్టిలో గాలీ నీళ్లూ నడిచే సందులుంటాయి. బూట్లు, పడుకున్న ఒళ్లు, అటూ ఇటూ తిరగడం వాటిని అణిచేస్తాయి. వాన నీళ్లు ఇంకవు, వేళ్లకు గాలి అందదు, పడిన విత్తు మొలవదు. వాడిన చోటు చుట్టూ నిలబడ్డ పెద్ద చెట్లను చూసి అంతా బాగుందనుకుంటాం. ఒకసారి కిందికి చూసి పిల్ల చెట్లున్నాయేమో వెతకండి, దాదాపు కనబడవు. ఇప్పుడున్న చెట్లు చచ్చిపోయాక వాటి చోట నిలబడేవి లేవన్నమాట. ఇలాంటి నేలలు ఒక అడవిలో పది ఉండాలా, రెండొందలు ఉండాలా అన్నదే మన ఎంపిక తేల్చేది.

ఒకసారి మిత్రుడితో నడుస్తున్నప్పుడు బాట పక్కన టెంట్లు వేసి వేసి నున్నగా అయిన మట్టి నేల కనబడింది. వాడికి నచ్చలేదు. "ఇదేంట్రా, బస్టాండ్‌లా ఉంది. పద, లోపలికి పోదాం" అన్నాడు. ఇంకాస్త లోపలికి పోతే రెండు బండల మధ్య నాచు పరిచిన చోటు దొరికింది. నిజంగా చాలా అందంగా ఉంది. వాడు అప్పుడే బ్యాగు దించేశాడు. నేను వంగి అరచేత్తో నాచును నెమ్మదిగా నొక్కాను. నీళ్లు ఊరాయి. దాని అంచు పట్టి కొంచెం ఎత్తి చూపించాను, కింద వేలు మందం కూడా లేని మట్టి, దాని కింద బండే. ఆ నాచు ఆ మట్టిని పట్టుకుని ఉంది, మట్టి నాచును పట్టుకుని ఉంది. నలుగురి బూట్ల కింద ఒక్క సాయంత్రం చాలు, పొరంతా జారిపోవడానికి. "మనమొక్కళ్లమే కదరా, ఒక్క రాత్రేగా" అన్నాడు వాడు. మనం తెల్లారి లేచి వెళ్లాక అక్కడ టెంట్ ఆకారంలో అణిగిన గుర్తు ఉంటుంది, బాట నుంచి ఇక్కడిదాకా ఒక సన్నటి అడుగుల దారి ఉంటుంది, రేపు వచ్చేవాడికి అది ఆహ్వానం, అన్నాను. వాడు ఇంకేమీ అనకుండా బ్యాగు ఎత్తుకున్నాడు. ఆ బస్టాండ్‌లోనే పడుకున్నాం. ఆ రాత్రి మా చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

దీనికి ఒక గట్టి ఎదురువాదం ఉంది, దాన్ని పక్కన పెట్టలేను. అందరూ ఒకేచోట పడుకుంటే ఆ చోటు నాశనమవుతుంది కదా, పలచగా చెదిరిపోతేనే అడవి తేరుకుంటుంది కదా అంటారు. ఇది ఒక్క పరిస్థితిలో నిజం, జనం దాదాపు వెళ్లని మారుమూల అడవిలో. అక్కడ బాటలుండవు, నలిగిన చోట్లుండవు, మన తర్వాత ఏళ్లపాటు ఎవరూ రాకపోవచ్చు. అలాంటప్పుడు బండ మీద, ఇసుక మీద, ఎండుగడ్డి మీద, మందంగా రాలిన ఆకుల మీద ఒక్క రాత్రి పడుకుని, టెంట్ నుంచి నీళ్లకు ఒకే దారిలో నడవకుండా చెదిరి నడిచి, గుర్తు మిగల్చకుండా లేచిపోవాలి. లీవ్ నో ట్రేస్ వాళ్లు చెప్పేదీ ఇదే: జనం ఉన్నచోట ఒకేచోట కుదురుకోండి, జనం లేనిచోట చెదిరిపొండి. కానీ మనలో ఎంతమంది నిజంగా అలాంటి అడవికి వెళ్తున్నాం? బాట ఉండి, ఫోన్ మ్యాప్‌లో కనబడి, శనివారం సాయంత్రం నలుగురైనా ఎదురయ్యే అడవికే మనం వెళ్లేది. అక్కడ చెదరడమంటే ఒక మచ్చ బదులు ఇరవై మచ్చలు పెట్టడమే.

అన్నిటికంటే ప్రమాదంలో ఉన్నది మధ్యరకం చోటు. గడ్డి కాస్త అణిగింది, ఒకట్రెండు మొక్కలు విరిగాయి, మంట వేసిన మసి లీలగా ఉంది, అంతే. ఇది చూస్తే అందరికీ రెండు విధాలా నచ్చుతుంది, ఎవరో పడుకున్నారు కాబట్టి ధైర్యం, పెద్దగా నలగలేదు కాబట్టి అందం. సరిగ్గా దీన్నే వదిలేయాలి. ఇప్పుడు వదిలేస్తే తేరుకుంటుంది, ఇంకొన్ని రాత్రులు వాడితే తేరుకోదు. సిడ్నీ ఫ్రిసెల్ అనే పరిశోధకుడు 1978లో క్యాంపింగ్ చోట్ల స్థితిని ఐదు తరగతులుగా చేసి చూపాడు. మొక్కలు అణిగినా చావని చోటు మొదటిది. మంట చుట్టూ మాత్రం అరిగింది రెండోది. చాలావరకు మొక్కలు పోయినా రాలిన ఆకుల పొర మిగిలింది మూడోది. మట్టి తేలి వేళ్లు బయటపడుతున్నది నాలుగోది. మట్టి కోసుకుపోయి చెట్లే చచ్చిపోతున్నది ఐదోది. పడుకోవడానికి నేను చూసేది మూడో తరగతి, అది లేకపోతే గట్టిపడిన నాలుగోది. మొదటి రెండింటినీ తేరుకోనివ్వాలి. ఐదోదానికి విశ్రాంతి కావాలి.

నలిగిన చోటులో ఒక లోపం ఉంది, చెప్పకపోతే అన్యాయం. ఏళ్ల తరబడి టెంట్లు వేసిన మధ్యభాగం పల్లంగా దిగిపోయి, నీళ్లు ఇంకనంత గట్టిపడి ఉంటుంది. వానొస్తే సరిగ్గా మన మ్యాట్ కిందే మడుగు కడుతుంది. ఎండిపోయి పెచ్చులు పెచ్చులుగా లేచిన సన్నటి బురద, చుట్టూ గీతలా పేరుకున్న పుల్లలు కనబడితే అది మడుగు మధ్య. పాతకాలంలో టెంట్ చుట్టూ కాలువ తవ్వేవారు. ఆ పని ఇప్పుడు వద్దు. ఇప్పటి టెంట్ల అడుగు నీళ్లను ఆపుతుంది, తవ్విన కాలువ మాత్రం ప్రతి వానకూ ఇంకాస్త కోసుకుపోతుంది. మధ్యనుంచి ఒక బారెడు జరిగి, నలిగిన నేల దాటకుండానే, కాస్త వాలు ఉన్న అంచులో వేసుకుంటే చాలు. తల ఎత్తు వైపు పెట్టుకోండి. వేసేముందు ఒట్టి గ్రౌండ్‌షీట్ పరిచి దాని మీద రెండు నిమిషాలు పడుకుని చూడండి. కంటికి కనబడని వాలు వీపుకు తెలిసిపోతుంది.

వాలు గురించి ఇంకో మాట, దీన్ని ఎక్కువమంది నమ్మరు. పెద్ద చదును మైదానం చూడగానే సంతోషపడతాం కదా, నా దృష్టిలో అదే అన్నిటికంటే చెడ్డ చోటు. చదునుకు అడ్డం ఏదీ ఉండదు కాబట్టి మచ్చ పెరుగుతూనే ఉంటుంది. ఈ వారం రెండు టెంట్లు, పై వారం పక్కన ఇంకో రెండు, ఆ పక్కన ఇంకో మంట. అదే వాలు మీద ఒక్క టెంట్ పట్టే చిన్న అరుగు ఉంటే దాన్ని ఎవరూ పెంచలేరు, ఎందుకంటే దాని చుట్టూ పడుకోవడం కుదరదు. అమెరికాలోని మేరీల్యాండ్‌లో అపలాచియన్ కాలిబాట మీద అన్నపోలిస్ రాక్స్ అనే చోట ఇదే జరిగింది. కొండ అంచు దగ్గర చదునంతా జనంతో అరిగి అరిగి ఒకే మట్టి మైదానమైంది. దాన్ని మూసి, దూరంగా వాలు మీద కొద్ది కొద్ది అరుగులుగా తవ్వి చోట్లు కట్టారు. పాడైన నేల కుంచించుకుపోయింది. పైగా అరుగుకీ అరుగుకీ మధ్య వాలూ చెట్లూ ఉండటంతో అక్కడ పడుకునేవాళ్లకు ఏకాంతం కూడా దక్కింది. మనకై మనం వెతికేటప్పుడూ ఇదే చూడొచ్చు, ఎవరో ఇదివరకే పడుకున్న, పెరగడానికి వీల్లేని, వాలు మీది చిన్న అరుగు.

మంట సంగతి కూడా ఈ లెక్కలోదే. అనుమతి ఉండి, ఎండలు మండిపోని కాలమైతే, ఉన్న రాళ్ల పొయ్యినే వాడండి. కొత్తది పేర్చొద్దు, మంట వేళ్ల వెంట నేల లోపల కూడా పాకగలదు. కింద రాలి పడిన, మణికట్టు కంటే లావు లేని పుల్లలే ఏరుకోండి, నిలబడ్డ చెట్టును, అది ఎండిందైనా సరే, కొట్టొద్దు. ఒకేచోట మూడు రాళ్ల పొయ్యిలు కనబడితే బాగున్న ఒక్కదాన్ని ఉంచి, మిగతావాటి రాళ్లు మసివైపు కిందికి తిప్పి దూరదూరంగా చెదరగొట్టి, చల్లారిన బూడిద పొదల్లోకి పల్చగా చల్లేయండి.

తెల్లారి బయల్దేరేముందు ఇంకో పది నిమిషాలు దీనికి ఇవ్వమంటాను. చుట్టుపక్కల ఒకసారి తిరిగితే ఆ మధ్యరకం చోటు ఒకటైనా కనబడుతుంది, ఎవరో ఒకట్రెండు రాత్రులు పడుకుని వెళ్లింది. దాని మీద దోసిళ్లతో ఎండుటాకులు పోయండి, అణిగిన గడ్డిని వేళ్లతో లేపండి, బాట నుంచి దానికి వెళ్లే సన్నటి దారికి అడ్డంగా ఒక ఎండుకొమ్మ లాగి పడేయండి. కొమ్మ ఇద్దరు పట్టి లాగేంత పెద్దదిగా ఉండాలి. చిన్నదైతే సాయంత్రం వచ్చేవాళ్ల మంటలోకి పోతుంది.